రోడ్డు మీద నిలబడి మాట్లాడినాయన

ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బడికి వెళ్లే తొందరలో డబ్బా సర్దుకుంటున్నాను. "అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి ఒరిగిండు, మల్ల లేవలే" అన్నాడు ఆయన కొడుకు. ఇంకా ఏదో చెప్పాడు గానీ నాకు ఎక్కలేదు. డబ్బా మూత పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయాను.

ఆయన మాకు చుట్టం కాదు. కామారెడ్డిలో ఏళ్ల తరబడి ఫైర్ డ్యూటీ చేసి, రిటైరయ్యాక సొంతూరు ఎల్లారెడ్డిలో ఉంటున్నాడు. నేను బాపు అనేదాన్ని. మా పాప నీళ్ల బండి తాత అనేది. మా మామ మాత్రం ఆయన్ని ఏ వరసతోనూ పిలవలేదు. ఎప్పుడన్నా చెప్పాల్సి వస్తే "రోడ్డు మీద ముచ్చట వెట్టినోడు" అనేవాడు. ఆ పొద్దున విషయం చెబితే, చేతిలో పేపరు దించకుండానే "ఎవలు?" అన్నాడు. ఎవరో ఆయనకు బాగా తెలుసు.

నాలుగేళ్ల కిందట మేం స్టేషన్ వైపు ఒక నాలుగంతస్తుల బిల్డింగులో, మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. కింద బట్టల దుకాణం. ఆ దుకాణం అట్టపెట్టెలన్నీ మెట్ల కిందే, కరెంటు మీటర్లకు ఆనించి పేర్చి ఉండేవి. అందరం వాటి పక్కనుంచే ఒదిగి ఒదిగి ఎక్కి దిగేవాళ్లం. ఇదేమిటని ఒక్కరం అడిగిన పాపాన పోలేదు. ఎండాకాలం, మధ్యాహ్నం. పోయిన కరెంటు తిరిగి వచ్చింది. కింద ఏదో పేలిన చప్పుడు. కాసేపటికి మెట్ల మీదుగా నల్లటి పొగ మొదలైంది.

మా అత్తమ్మ తలుపు దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆమెది లింగంపేట. చిన్నప్పుడు వాళ్ల గుడిసె అంటుకుంటే బయటికి ఉరికి బతికిన మనిషి. ఇల్లు అంటుకుంటే ఉరకాలి, ఆమెకు తెలిసింది అదే. ఊళ్లో అది నిజం కూడా, గడప దాటితే వాకిలి ఉంటుంది. మూడో అంతస్తులో గడప దాటితే మెట్లు, మెట్ల నిండా పొగ. "పిల్లను వట్టుకోని ఉర్కవే" అని నన్ను కేకేసి, నేను వెనకే ఉన్నాననుకుని తను ముందు ఉరికింది. నేను లోపలి గదిలోంచి పాపను ఎత్తుకుని వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. ఇల్లంతా పొగ. ఊపిరాడక బాల్కనీలోకి వచ్చి పడ్డాను.

కింద జనం చద్దరు పట్టుకుని "పిల్లను ఇడువు, మేం వడ్తం" అని ఒకటే అరుపులు. "నువ్వు గూడ దుంకు" అని ఇంకొకరు. ఫైర్‌వాళ్ల నీళ్ల బండి అప్పుడు వచ్చింది. బాల్కనీ ముందంతా కరెంటు తీగలు, కరెంటు తీయించేదాకా నిచ్చెన వేసే వీల్లేదు. వేసినా వాళ్ల నిచ్చెన మా దాకా అందేది కాదట. ఇద్దరు పైపు పట్టుకుని లోపలికి దూరారు. వాళ్ల పెద్దాయన, ఈ బాపే, రోడ్డు మధ్యలో నిలబడి, చద్దరు పట్టుకున్నవాళ్లను ఒక్క కసురు కసిరి, నా వైపు తల ఎత్తాడు.

"బిడ్డా, దుంకకు. తలుపు మూసినవా?"

"మా అత్తమ్మ మెట్ల మీదికి పోయింది" అని అరిచాను.

ఆయన వెంటనే లోపలివాళ్లకు కేక వేసి చెప్పి, ఇంకో మనిషిని కూడా పంపాడు.

"ఆమెను మేం సూస్తం. ఆమె వస్తదని తలుపు తెరిసి వెట్టకు. కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకోని, వంగి పో. తలుపు మూసి, చీర తడిపి సందులల్ల కుక్కు. అయినంక నాకు కనవడెటట్టు నిలవడు."

చెప్పినట్టే చేసి వచ్చాను. ఆ తర్వాత ఆయన ముచ్చట మొదలుపెట్టాడు. ఏ ఊరు మీది అన్నాడు. పాప పేరేంది, పండ్లు వచ్చినయా అన్నాడు. అంత గోలలో కూడా ఆయన గొంతు ఒక్కటే నాకు స్పష్టంగా వినపడేది. మధ్యలో ఉన్నట్టుండి "ఈ పూట ఏం కూర వండినవ్ బిడ్డా?" అన్నాడు.

వెనక పొగ, చంకలో బిడ్డ, ఈయనకు కూర కావాల్సి వచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. "బెండకాయ" అని కసిరినట్టు చెప్పాను.

"పులుసా, ఫ్రైయా? నా దిక్కే సూడు. పక్కకు సూడకు. నా దిక్కు సూసి చెప్పు."

చెప్పాను. చింతపండు ఎంత వేశానో కూడా చెప్పాను. కరెంటు తీశాక, మంట ఆరి మెట్ల మీద పొగ తగ్గాక, తలుపు అవతల అదే గొంతు "నేనే బిడ్డా, తియ్" అంది. తడి బట్ట కప్పి మా ఇద్దరినీ ఆయనే కిందికి తెచ్చాడు.

ఆ కూర అడిగిన సమయంలోనే బిల్డింగు పక్కనుంచి మా అత్తమ్మను మోసుకుపోయారు. ఆమె ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు, పొగ మింగే పోయింది. తర్వాత చూస్తే ఒళ్లోని బీడీ ఆకు ముక్కలు ఇంకా చీరకు అంటుకునే ఉన్నాయి. ఆ వైపు చూసి ఉంటే నేను చేతిలో బిడ్డతో ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

పొలం పని మీద లింగంపేట పోయిన మామ సాయంత్రానికి వచ్చాడు. రోడ్డు మీదివాళ్లు ఆయనకు తాము చూసింది చెప్పారు. కాలని మనిషి ఎట్లా చనిపోతుందో ఆయనకు అర్థం కాలేదు. పెద్దాయన రోడ్డు మీద నిలబడి కూరల ముచ్చట పెట్టాడన్నది మాత్రం అర్థమైంది.

పదకొండో దినం నాడు బాపు మా ఇంటికి వచ్చాడు. అందరి ముందూ మామ లేచి, "నా పెండ్లాన్ని మోస్కపోతుంటె నువ్వు కూర ముచ్చట వెట్టినవ్. ఆ ముచ్చట వెట్టే యాళ్లకు లోపటికి ఉరికితె బతుకుతుండె" అన్నాడు.

"అవునన్నా, పెట్టిన" అన్నాడు ఆయన. మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నేను గల్లీలోకి పరిగెత్తి అడిగాను, నన్ను అటు చూడనివ్వకుండా ఉండడానికే ఆ ముచ్చట అని ఎందుకు చెప్పలేదని. ఆయన చెప్పులు వేసుకుంటూ, "ఆయనకు ఎవలి మీదనో ఒగలి మీద కోపముండాలె బిడ్డా. నా మీదుంటే ఏమైతది, నేను నిలవడత. నీ మీదికొస్తే నువ్వు ఆగుతవా?" అన్నాడు.

తర్వాత మామ మెట్లెక్కడమే మానేశాడు. వేరే బిల్డింగులో కింది పోర్షన్ తీసుకున్నాం. బాపు రిటైరయ్యాక, దవాఖానకని కామారెడ్డి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చేవాడు. రాగానే కూర్చునే అలవాటు లేదు. ముందు మెట్లెక్కి డాబా తలుపు తీసి ఉందో లేదో చూసి రావాలి. దారిలో ఎవరి చెప్పుల స్టాండో, పాత కూలరో అడ్డుంటే వాళ్ల తలుపు కొట్టి మరీ తిట్లు. "మెట్లు ఇంటికి ముక్కు అసొంటియి. ముక్కుల బట్టలు కుక్కుతరా ఎవలన్న?" అనేవాడు. పైవాళ్లు నవ్వేవారు, తీసేవారు, ఆయన అటు పోగానే మళ్లీ పెట్టేవారు. డాబాకు తాళమేసే ఓనరుతో ఆయన పడ్డ గొడవ చెప్పుకుంటే ఒక పూట పడుతుంది. దొంగలొస్తారని ఓనరు, రానీయమని ఈయన. ఆఖరికి ఆ నోటికి భయపడే ఓనరు తాళం తీశాడు.

ఆ గొంతు గల్లీ మొదట్లో వినపడగానే మామ వెనక తలుపు నుంచి హోటలుకు చాయ్‌కి పోయేవాడు. ఆయనకూ అది తెలుసు. చాయ్ తాగి, పాపతో ఆడి, లేవబోయే ముందు మాత్రం గొంతు తగ్గించి "మామ ఏమన్న అన్నడా?" అని అడిగేవాడు. వచ్చిన ప్రతిసారీ అడిగాడు. తిట్లు పడ్డప్పుడు అవునన్న మనిషి, ఒక్క మంచి మాట కోసం అట్లా ఎదురుచూశాడు. నేను మామకు ఎన్నోసార్లు చెప్పాను, ఆయన అటు చూడనివ్వకపోవడం వల్లే నేనూ పాపా ఉన్నామని. మామ వినేవాడు. బీడీ వెలిగించుకుని బయటికి పోయేవాడు.

పోయిన నెల వచ్చినప్పుడు ఆయనకు దమ్ము ఎక్కువైంది. ఏళ్లు మింగిన పొగ ఊరికే పోతుందా. డాబా దాకా ఎక్కలేక ఆయాసపడుతూ సగం మెట్ల మీదే కూర్చున్నాడు. "మామ ఏమన్న అన్నడా?" అన్నాడు. లేదన్నాను. "అంటడు తియ్. తొందరేమున్నది" అన్నాడు.

ఫోన్ వచ్చిన ఆ పొద్దున నేను బయలుదేరుతుంటే మామ పేపరు మడిచి, చొక్కా వేసుకుని, నా కంటే ముందు వచ్చి బస్సెక్కాడు. దారిలో లింగంపేట దగ్గర తెలిసినవాళ్లు పలకరించినా తల తిప్పలేదు.

పాడె లేచింది. ఆడవాళ్లం కూడా వెంట నడిచాం. ఊరి చివర దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే వింటుందని అయినవాళ్లు చెవిలో పిలిచే చోటు అది. కొడుకు వంగి "బాపూ" అని మూడుసార్లు పిలిచి వెక్కుతూ లేచాడు. ఇక ఎత్తబోతుంటే మామ ముందుకొచ్చాడు.

"నేనొక్కసారి పిలుస్త" అన్నాడు.

ఎవరీయన అన్నట్టు అందరూ చూశారు. కొడుకు తల ఊపాడు. మామ మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, ఆయన చెవి దగ్గర నోరు పెట్టాడు. రహస్యంగా చెప్పే మనిషి కాదు. అందరికీ వినపడింది.

"తమ్మీ, నీ తప్పేం లేదు."

ఆయన ముఖంలోకి చూశాడు. "ఇనవడ్డదా తమ్మీ?" అన్నాడు. పాడె మోసేవాళ్లు పొద్దుపోతోందని తొందరపెడుతున్నారు. మామ లేవలేదు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, అట్లాగే వంగి ఉన్నాడు.