ముందు చప్పుడు, తర్వాత రంగు

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి వదిన. చేతికి పిండి అలాగే ఉండగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఫోనేం చేశావే? ప్రత్తిపాడు నుంచి మీవాళ్లు పొద్దుట్నుంచీ నీకే చేస్తున్నారంట. చివరికి నాకు చేశారు" అని, తర్వాత గొంతు తగ్గించి సంగతి చెప్పింది.

ఫోను నా పక్కనే ఉంది. లాప్‌టాప్‌కు నెట్ ఇస్తూ, మోగకుండా నేనే పెట్టుకున్నాను. చావు కబురు వింటే అనే మాట, "ఇన్నా లిల్లాహి" అన్నాను. నాలుక అన్నది, లోపల ఏదీ కదల్లేదు. తెర మీద ఉన్నదాన్ని సేవ్ చేసి, కొంగు తలమీదికి లాక్కుని, నల్లపాడులో బస్సెక్కాను.

నేను బడికి పోలేదు. మిర్చి సంచుల మీద అచ్చేసిన అక్షరాలు చూపించి నాకు చదువు చెప్పింది ఆ పెద్దమ్మే. బడి కాగితాలు లేని ఆడవాళ్లకు ఆన్‌లైన్‌లో జావాస్క్రిప్ట్ నేర్పుతున్నారని తెలిసి నేను చేరినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడిందీ ఆవిడే. మీకు తెలిసిన పని ఒకటి తీసుకుని, షరతులు పెట్టి చిన్న ప్రోగ్రాం రాయమన్నారు మా టీచరుగారు. శనివారం సాయంత్రంలోగా సరైనది పంపినవాళ్లకే పై తరగతి. మిగతావాళ్లకు అంతటితో సరి.

నేను మిరపకాయలు ఏరడం రాశాను. ఇఫ్ కాయ ఎర్రగా ఉంటే, సంచిలోకి. ఎల్స్ ఇఫ్ చెమ్మగా ఉంటే, మళ్లీ కళ్లంలో ఎండకి. ఎల్స్, అంటే ఆ రెండూ కాకపోతే, రంగు పోయి తెల్లబారిన తాలు కాయ, పక్కకి. చూడటానికి బాగానే ఉంది. కానీ ఎర్రగా ఉండి చెమ్మ ఆరని కాయ ఇస్తే, అది కూడా సంచిలోకే అని చూపిస్తోంది. మూడు రోజులు వెతికాను. ఒక్క అక్షరమూ తప్పు లేదు.

పెద్దమ్మ పోయిన ఆ రోజు శుక్రవారం, జుమ్మా. అలాంటి రోజు పోవడం అదృష్టమన్నారు అందరూ. నేనూ తలూపాను. మగవాళ్లు పెద్దమ్మ జనాజాను భుజాల మీద ఎత్తుకుని వెళ్లాక ఆడవాళ్లం వాకిట్లో కూర్చున్నాం. ఇంతలో పడమట మబ్బు కమ్మింది. ఇంటి వెనక కళ్లంలో కాయలు పరిచి ఉన్నాయి. ఎవరూ ఏమీ అనకుండానే లేచాం. నేను చేతికందినవి సంచిలోకి తోస్తున్నాను.

పెద్దమ్మ ఆడపడుచు కేకేసింది. "ఏమే అమ్మాయ్, ఎర్రగుంటే చాలా? ఊపి చూడవే! ఒక్క చెమ్మకాయ పడితే సంచంతా బూజే. మీ పెద్దమ్మ కళ్లు కనపడకపోయినా నీకంటే బాగా ఏరేది!"

ఎవరో నవ్వి, ఠక్కున ఆపేశారు.

నిజమే. చూపు పోయాక పెద్దమ్మ ప్రతి కాయనూ చెవి దగ్గర ఊపేది. గింజలు గలగలమంటే ఎండినట్టు, లేకపోతే కళ్లంలోకి. "రంగుదేముందే, అది మీరు చూసుకోండి. ముందు చప్పుడు" అనేది. నేను కాయ ఊపాను. చప్పుడు లేదు. చేతిలో మెత్తగా ఉంది.

నేను రాసిన ప్రోగ్రాంను యంత్రం పైనుంచి కిందికి చదువుతుంది. మొట్టమొదట నిజమని తేలిన షరతు దగ్గరే ఆగిపోతుంది, కింద ఏముందో చూడదు. ఎరుపును పైన పెట్టింది నేను. ఎర్రటి కాయను చెమ్మ ఉందా అని అడిగే వరకు అది పోనేలేదు.

చినుకు పడేలోపు అన్నీ ఎత్తి పట్టాలు కప్పాం. శనివారం పొద్దున ఇంటికి వచ్చి, చెమ్మ షరతును పైకి, ఎరుపును దాని కిందికి మార్చాను. ఎర్రటి చెమ్మకాయ ఇచ్చాను. "కళ్లం" అని వచ్చింది. పంపించేశాను. సాయంత్రానికి జవాబు వచ్చింది, పై తరగతికి రమ్మని. అల్హమ్దులిల్లాహ్ అన్నాను. సంతోషం రాలేదు, ఏడుపూ రాలేదు. అన్నం తిని గిన్నెలు తోమాను.

ఇది జరిగి ఇన్నాళ్లయినా లోపల ఏదీ కదలకుండా అలాగే ఉంది. అయినా పిండి చేతులతో పరుగెత్తుకొచ్చిన వదినకూ, నలుగురిలో నన్ను కేకలేసిన ఆ పెద్దావిడకూ మేలు జరగాలని రోజూ నమాజులో అడుగుతున్నాను. పెద్దమ్మ కోసం అడగబోతే మాట రావడం లేదు. అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు ఏ దేవుణ్ణి తలిచేవారైనా సరే, కాయను చెవి దగ్గర పెట్టుకుని వినే ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి.