ప్రసూన తెర, పగిడయ్య దీపం

ఎర్రుపాలెం ప్రసూనకు తన పని మీద గర్వం ఎక్కువ. ఆ గర్వం నాకు గిట్టేది కాదు. 2006లో మా చిన్న కంపెనీ భద్రాచలం దారిలో, అడవి అంచున ఉన్న ఒక బొగ్గుగనికి, పేలే గ్యాస్‌ను కనిపెట్టే ఏర్పాటు చేసింది. గనిలో వైర్లు లాగింది నేను. సెన్సర్ల అంకెలు పైన గని ఆఫీసు తెర మీదికి వచ్చేలా డ్రైవర్ అనే ప్రోగ్రాము రాసింది ఆమె.

అంతకుముందు కంప్యూటర్‌ను నడిపే కెర్నెల్, సెన్సర్లు తగిలించిన గ్యాస్ కార్డు నుంచి అంకెను చదువుకుని, తెరను నడిపే ప్రోగ్రాముకు నకలు తీసి ఇచ్చేది. నలభై సెన్సర్లకు అది నత్తనడక. ప్రసూన ఆ నకళ్ళ పని తీసేసి, కార్డు మెమరీలో అంకెలుండే పేజీని, అంటే ఆ కాస్త భాగాన్ని, ప్రోగ్రాము నేరుగా చూసేలా మ్యాప్ చేసింది. చూడొచ్చు, రాయడానికి వీల్లేదు. కార్డుకు ఆజ్ఞలిచ్చే గళ్ళు, రిజిస్టర్లు, ఉన్న పేజీ అసలు కనపడదు. ఎంతవరకు చూపాలి, ఎక్కడ ఆపాలి అని మూడు వారాలు తల బద్దలు కొట్టుకుంది. తెర చకచకా కదిలింది. నాకూ ముచ్చటేసింది గానీ పైకి చెప్పలేదు.

నెల రోజులు పరీక్ష. అది నెగ్గితే ఇక తెర మీది అంకెదే ఆఖరి మాట. అప్పటిదాకా గనిలో కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ పగిడయ్య ఎప్పటిలాగే జాలీ బిగించిన గని దీపం పట్టుకుని గనిలో తిరిగేవాడు. గ్యాస్ ఉంటే మంట మీద నీలిపొర కమ్ముకుంటుంది. అది చూసి కింది నుంచి ఫోన్ చేసేవాడు.

పద్దెనిమిదో రోజు పొద్దున ఫోన్ మోగింది.

“అమ్మా, మూడో నంబర్ సెన్సర్ కాడ నీలం ఎక్కింది. మనుషులను బయటికి తోలుతున్న.”

ప్రసూన తెర చూసింది. “ఇక్కడ గ్యాస్ పాయింట్ నాలుగు శాతమే ఉందండీ. మీ దీపం పాతదైపోయిందేమో.”

“దీపం పాతదే. నేనూ పాతోణ్ణే. గ్యాస్ మాత్రం ఇప్పటిదమ్మా.”

పద్నాలుగు మందిని వెనక్కి తెచ్చాడు. గని అధికారి వేరే మీటర్‌తో వెళ్ళి చూస్తే ఒకటిన్నర శాతం ఉంది, మనుషులు ఉండకూడనంత.

మా యజమాని వెంకటనారాయణ తప్పును వైర్ల మీదికి తోశాడు. అంటే నా మీదికి. రెండు రోజులు పాక్కుంటూ ప్రతి జాయింటూ విప్పి చూశాను. మూడో రోజు ప్రసూన వచ్చి నా ముందు నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

“ఇంక విప్పకు. తప్పు నాది.”

హద్దులన్నీ రాసింది గానీ, ఆ పేజీలోని అంకెలను ప్రాసెసర్ తన కాష్‌లో, అంటే తన సొంత చిన్న మెమరీలో, దాచుకోకూడదని చెప్పే ఒక్క లైను మరిచిపోయింది. మా కంపెనీలో పరీక్షించిన కంప్యూటర్‌లో ఆ లోపం బయటపడలేదు. గని దగ్గర పెట్టిన చిన్న బోర్డు కంప్యూటర్ మాత్రం కార్డును అడగకుండా, తాను దాచుకున్న పాత అంకెనే చూపించింది.

గుట్టుగా దిద్దేస్తే నింద నా నెత్తినే ఉండేది. ఆమె అందరి ముందూ చెప్పింది. ఆరోజే ఆమె మీద నా కోపం పోయింది. అక్కడితో ఆగకుండా, సెన్సర్ నుంచి కొత్త అంకె వచ్చిన ప్రతిసారీ దాని పక్కన ఒక సంఖ్య పెరిగేలా చేసింది. ఆ సంఖ్య కదలకపోతే తెర మీద ఆ గడి ఖాళీ అవుతుంది.

“ఖాళీ తెర చూపిస్తే ఎవడు కొంటాడమ్మా?” అన్నాడు వెంకటనారాయణ.

“తెలియనప్పుడు తెలియదనే చూపాలండీ. లేదంటే పరీక్ష నెగ్గిందని నేను సంతకం పెట్టను.”

దీపం తీసేయొద్దని కూడా కాగితం మీద రాసిచ్చింది.

వానాకాలంలో ఒకరోజు నిజంగానే నా వైరు తెగింది. మూడో నంబర్ గడి ఖాళీ అయింది. ఈసారి ప్రసూనే కిందికి ఫోన్ చేసింది.

“బాబాయ్, నాకిక్కడ ఏమీ తెలియట్లేదు. మీరు చూసి చెప్తారా?”

“అవ్, చూస్త. ఫోన్ పెట్టెయ్యకు.”

పగిడయ్య దీపం ఎత్తి చూసి వచ్చేదాకా ఆమె రిసీవర్ చెవికి ఆనించుకుని నిలబడే ఉంది. కుర్చీ పక్కనే ఉన్నా కూర్చోలేదు.