బాలమ్మ పెద్దమ్మ మొకం

మొన్న మధ్యాహ్నం మా ఆఫీసులో జూనియర్ అమ్మాయి డబ్బా మూత తీయగానే, అంచులు మాడిన జొన్నరొట్టె వాసన గదంతా కమ్ముకుంది. ముందున్న ఫైలు మూసేశాను. సినిమావాళ్ల తగాదాలే ఇప్పుడు నా వృత్తి. ఎవరి పాట ఎవరు కొట్టేశారు, ఎవరి బొమ్మ ఎవరు వాడుకున్నారు అని రోజంతా వాదిస్తుంటాను. ఈ దారిలోకి నన్ను లాక్కొచ్చింది కామాటిపురలో మా పక్క ఒంటిగది ఖోలీలో ఉండిన బాలమ్మ పెద్దమ్మ.

ఆమె మాకు చుట్టమేమీ కాదు. ఆమె మామగారు ఎప్పుడో పాలమూరు నుంచి మట్టిపనికి వచ్చి ఇక్కడే నిలిచిపోతే, ఈమె గడప ముందు పొయ్యి పెట్టుకుని కూలికి పోయేవాళ్లకు రొట్టెలు చేసి అమ్మేది. కింద ఆమె దగ్గితే పై అంతస్తులో పిల్లలు పుస్తకాలు తెరిచేవాళ్లు. అంత గొంతు.

ఒక ఏడాది మా సందులోకి షూటింగు వచ్చింది. హీరోయిన్ నడిచిపోతుంటే కెమెరా ఆమెను వదిలేసి పెద్దమ్మ మీదికి తిరిగింది. "జరుగురా అవతలికి! పిండిల దుమ్ము పడ్తుంది!" అని అట్లకాడ ఎత్తి అరిచిందామె. వాళ్లు నవ్వి, దండం పెట్టి వెళ్లిపోయారు. కొన్ని నెలలకు ఆ సినిమా ట్రైలర్ ఫోన్లలోకి వచ్చింది. అందులోనూ పెద్దమ్మ అట్లకాడ ఎత్తే ఉంది గానీ, వినిపించింది వేరే ఎవరిదో గొంతు: "ఈ పిల్ల రేటు నేను చెప్తా!" మా పేట పేరు వింటే సినిమావాళ్లకు తట్టేది ఆడవాళ్లను అమ్మే ఆ ఒక్క వ్యాపారమే.

రొట్టెలకు వచ్చేవాళ్లు ఆమెకు వెక్కిరింతగా వంగి వంగి సలాములు పెట్టడం మొదలుపెట్టారు. మొదట తిట్టింది. తర్వాత ఒక పొద్దున పొయ్యే వెలిగించలేదు.

"నువ్వు వకీలువే గదా బిడ్డా?" అంటూ మా గుమ్మంలో నిలబడింది. అప్పటికి నేను కోర్టులో నోరు విప్పింది వాయిదా అడగడానికే, అదీ తడబడుతూ. అయినా అవునన్నాను.

అంధేరీలో ఆ సినిమా తీసిన కంపెనీ ఆఫీసుకు నాతో పట్టుచీర కట్టుకుని వచ్చింది. మేనేజరు భోంచేస్తూనే హిందీలో తేల్చేశాడు. "కెమెరా ముందు నిలబడ్డారంటే ఒప్పుకున్నట్టే. పైగా ఫేమస్ అయ్యారు కదా!" చట్టం చెబుదామని నేను సంచిలో కాగితాలు వెతకసాగాను. పెద్దమ్మ ఫోన్ తీసి అతని ముఖానికి దగ్గరగా పెట్టింది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడతను.

"నువ్వు తిను నాయనా. నువ్వు తినేది ఫోన్ల తీసుకుంట. దొంగతనం ఎట్ల చేసినవో నువ్వే చెప్తున్నట్టు గొంతు పెట్టిస్త. మా బిల్డింగు పోరగాళ్లకు అన్నీ వస్తయి." ఆమె హిందీలోనూ పాలమూరు యాసే.

అతను ముద్ద వదిలేసి లేచాడు. "నన్ను అడగకుండా ఎలా తీస్తారు?"

"గదే అడగనీకి వచ్చిన."

బయటికొచ్చి చూస్తే, ఆమె తీసినదంతా సొంత బొటనవేలే.

మా సీనియర్ వకీలు పేరుతో నోటీసు పంపాం. కంపెనీ దిగొచ్చి ట్రైలర్లో ఆమె ముఖం మసక చేసింది. నేను గెలిచాననుకుని మిఠాయి పట్టుకెళ్లాను. పెద్దమ్మ అగ్గయింది. "మొకం మసక చేస్తరా? టీవీల గట్ల ఎవలకు చేస్తరో ఎరుక లేదా నీకు? పోలీసులకు దొరికినోళ్లకే గద! గింతకంటే మొకం ఉన్నప్పుడే నయముండె!"

రెండో నోటీసు ఆవేశంగా రాశాను. గౌరవంగా బతికే నా క్లయింటును నీచమైన ఆడదానిగా చూపారని ఒక వాక్యం. అది నాకు భలే నచ్చింది. తెలుగులో చదివి వినిపిస్తుంటే అక్కడే ఆపింది.

"ఎవలు నీచం?"

నేను ఆ వాక్యం మళ్లీ చదువుకున్నాను.

"పక్క గల్లీ ఆడోళ్లు గూడ నా రొట్టెనే తింటరు. వాళ్ల బతుకు వాళ్లది. నా మొకం నాది. నన్ను అడగకుండ తీసిండ్రు, నేను అనని మాట అనిపిచ్చిండ్రు. గంతే రాయి."

ఆ వాక్యం కొట్టేశాను. నోటీసు సగమైంది. సీనియర్ ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. ఆ షాటు పూర్తిగా తీసేస్తున్నామని కంపెనీ వకీలు ఫోన్ చేశాడు.

సినిమా విడుదలయ్యాక, నిజంగా తీసేశారో లేదో చూడాలని గ్రాంట్ రోడ్ దగ్గర థియేటరుకు నన్ను వెంటబెట్టుకు పోయింది. రెప్ప వేయకుండా చివరిదాకా చూసింది.

"లేవు కదా పెద్దమ్మా?"

"లేను," అంది, కాస్త నిరాశగా. "గందుకే పిక్చర్ చప్పగుంది."

ఇప్పుడామె లేదు. నోటీసు రాసిన ప్రతిసారీ క్లయింటుకు వచ్చిన భాషలో చదివి వినిపిస్తాను. టైం దండగ అని తోటి వకీళ్లు నవ్వుతారు. కోపంలో రాసిన వాక్యం రాగానే నేనే ఆగి, మధ్యలో ఊరికే తిట్లు తింటున్నది ఎవరా అని వెతుకుతాను. దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు దొరుకుతారు. వాళ్లను తప్పించాకే సంతకం పెడతాను.