డిమ్ లేని బండి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. దమ్మపేట నుంచి భద్రాచలం దాకా ఆ అడవిలో ఏ వేళప్పుడు బండి తోలినా నాకు అడ్డమొచ్చినవి రెండే: అడవి పందులు, పెళ్ళి ట్రాక్టర్లు. పందులే నయం, హారన్ కొడితే జరుగుతాయి.

ఇంకో చిక్కుంది. చీమను చూసి ఏనుగని చెప్పే నోరు నాది. వానొస్తోందని నేనంటే మా ఊళ్ళో వాళ్ళు బయటికొచ్చి చెయ్యి చాపి చూసుకుంటే గాని నమ్మరు. అందుకని ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. లైట్ల గురించి చెప్పేటప్పుడు నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను, మీరే తగ్గించుకోండి. అడవిలో జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను. అక్కడ ఒక మనిషి ప్రాణం ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేనొక పాత పికప్ కొన్నాను. తోటల నుంచి పామాయిల్ గెలలు ఫ్యాక్టరీకి తోలే పని. బండి మంచిదే గాని దాని హెడ్‌లైట్లు మిణుగురు పురుగుకు తమ్ముళ్ళు. లైట్లు వెలిగాయో లేదో తెలియాలంటే దిగి అగ్గిపుల్ల గీసి చూడాలి. ఎదురుగా ఎద్దు వస్తే దాని కళ్ళ మెరుపులో నాకు రోడ్డు కనబడేది గాని, నా లైట్లలో ఎద్దు కనబడేది కాదు.

కొత్తగూడెంలో యాకూబ్ అని మెకానిక్ ఉన్నాడు. బండి తీసుకెళ్ళి అతని ముందు పెట్టాను. లైట్ల పాత డూములు పీకి కొత్తవి వేశాడు, పెద్ద వాటు బల్బులు పెట్టాడు, బొటనవేలంత లావు వైరు లాగాడు. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? డిమ్ము, బ్రైటు రెండూ ఒక్కసారే వెలిగేలా కలిపెయ్యమన్నాను.

యాకూబ్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "అన్నా, రెండూ కలిపితే ఇగ డిమ్ ఉండదు. ఎదురుంగ బండొస్తే ఏం జేస్తవ్?"

"వాడే పక్కకు జరుగుతడు."

"రేపొచ్చి నన్ను తిట్టొద్దు మరి."

కలిపేశాడు. ఆ రాత్రి మా వాకిట్లో లైట్లు వేస్తే మా కోళ్ళు తెల్లారిందని గంప కింద నుంచి గోల పెట్టాయి. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఇంట్ల ట్యూబులైటు మార్చమంటె చెవినబెట్టవు గాని, బండికి మాత్రం సూర్యుణ్ణే తెచ్చి కట్టినవా?" అంది. ఆ మాట నాకు తెగ నచ్చి, మర్నాటి నుంచి కనబడ్డ ప్రతివాడికీ నేనే చెప్పుకున్నాను, నా బండికి సూర్యుణ్ణి కట్టానని.

ఇక అసలు సంగతి.

ఎండాకాలం పోతూ పోతూ ఓ సాయంత్రం వాన దంచికొట్టింది. నేను గెలలు దించేసి వస్తూ అడవి మొదట్లో రోడ్డు చీలే చోట చాయ్ హోటల్ దగ్గర ఆగాను. అప్పటికి హోటలాయనకు నా లైట్ల గురించి రెండో చాయ్ దాకా చెప్పి ఉంటాను. పొద్దు గూకుతుండగా ఒకతను తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చాడు. పేరు లక్ష్మయ్య. లోపల గూడెంలో వాళ్ళ చెల్లెలి మొగుడు జోగయ్య కల్లు కోసం జీలుగు చెట్టెక్కి పైనుంచి పడ్డాడు. కాళ్ళు కదలడం లేదు, కడుపు రాయిలా బిగిసింది. గూడెంలో మగవాళ్ళంతా పెళ్ళికి వేరే ఊరు పోయారు, మంచం మోసే దిక్కు లేదు. దవాఖానాకు చేర్చకపోతే మనిషి దక్కడు.

అక్కడ ఒక జీపు, రెండు ఆటోలు ఉన్నాయి. వానలో, గూడేనికి పోయే బండ్లబాటన, ఆ చీకట్లో రామన్నారు వాటి డ్రైవర్లు. అందరూ నావైపు చూశారు. హోటలాయన గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తకుండా, "పో అన్నా, సూర్యుడున్న బండి నీదొక్కటే గద" అన్నాడు.

పోక ఏం చేస్తాను?

తారు రోడ్డు మీద కొంత దూరం బాగానే పోయాం. బండ్లబాట ఎక్కాక తెలిసింది నా తెలివి. ఎండకు కాలిన నేల మీద వాన పడి అడవంతా ఆవిరి లేచింది. నా లైట్లు ఆ ఆవిరికి తగిలి వెనక్కి నా మొహాన్నే కొడుతున్నాయి. ముందు సున్నం వేసిన గోడ కట్టినట్టే ఉంది. అడుగు దూరంలో గుంట ఉందో గుట్ట ఉందో తెలియదు. పాత మిణుగురులే నయమనిపించింది.

బాట మలుపులో ముత్యాలమ్మ గద్దె ఉంది. పసుపు పూసిన రాయి, చుట్టూ వేపమండలు. అమ్మ కళ్ళలోకి లైటు కొట్టకూడదని అటు పోయే ప్రతి బండీ అక్కడ డిమ్ చేసి పోతుంది. ట్రాక్టరు వాళ్ళూ అంతే, జీపుల వాళ్ళూ అంతే.

"అన్నా, గద్దె వచ్చింది. డిమ్ కొట్టు" అన్నాడు లక్ష్మయ్య.

"డిమ్ లేదు."

"ఏందే, డిమ్ లేని బండి ఉంటదా?"

"ఇది ఉంది."

"అయితే మొత్తం ఆర్పు. ఇయ్యాల అమ్మతోని నాకు పనుంది."

ఆర్పాను. తెల్లగోడ మాయమైంది. కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి ముందు బాట మీద ఒక చిన్న దీపం కనబడింది. పసుపుపచ్చటి వెలుగు, లాంతరు వెలుగులాంటిది. మనిషి చేతిలో పట్టుకుంటే ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో, నడకకు ఊగినట్టు ఊగుతోంది.

గూడెం నుంచి ఎవరో ఎదురొచ్చారనుకుని ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. లక్ష్మయ్య తల బయటపెట్టి కోయభాషలో కేకేశాడు. జవాబు లేదు. నేను లైట్లు వేసి చూశాను. మళ్ళీ తెల్లగోడే, మనిషి లేడు. ఆర్పితే దీపం ఉంది. మేం కదిలితే కదులుతోంది, ఆగితే ఆగుతోంది. ఇక లైట్ల జోలికి పోకుండా ఫస్ట్ గేర్లో దాని వెనకాలే పోయాను.

ఒకచోట దీపం ఎడమకు తిరిగింది. "బాట సీదా ఉంటదన్నా" అన్నాడు లక్ష్మయ్య. బాట అతనికీ కనబడడం లేదు, నాకూ కనబడడం లేదు. దీపం కనబడుతోంది. తిప్పాను. కాస్త పోయాక మళ్ళీ బాట మీదికే వచ్చాం. గూడెం మొదటి గుడిసె దాకా అది ముందే ఉంది. నేను హ్యాండ్ బ్రేకు లాగి తల ఎత్తేసరికి లేదు.

జోగయ్య నులకమంచం మీద, గుడిసె అరుగున ఉన్నాడు. పక్కన భార్య, ఇద్దరు ముసలమ్మలు. లక్ష్మయ్య ముందు అడిగింది బావ సంగతి కాదు. "లాంతరు పట్టుకొని వచ్చిందెవరే?"

"లాంతరేంది? పొయ్యే ఆరిపోయి చీకట్ల కూసున్నం. ఎవరొస్తరు?" అని చెల్లెలు ఏడుపులోనే కసిరింది.

మాట్లాడే వేళ కాదు. అందరం పట్టి మంచంతో సహా జోగయ్యను బండి ఎక్కించాం. భార్య మంచం కోడు పట్టుకుని కూర్చుంది. వెనక్కి వచ్చేటప్పటికి ఆవిరి పలచబడింది, లైట్లు వేశాను. దీపం మమ్మల్ని ఎడమకు తిప్పిన చోట, నేరుగా ఉన్న బాట మీద పెద్ద మద్దిచెట్టు, లక్ష్మయ్య పరుగెత్తుకొచ్చాక కూలినట్టుంది, అడ్డంగా పడి ఉంది. దాన్ని చుట్టి నా టైర్ల అచ్చులు బురదలో పడి ఉన్నాయి. లక్ష్మయ్య దిగి వాటి ముందు, పక్కన, అంతటా వంగి వెతికాడు. ఒక్క కాలి అచ్చు లేదు.

భద్రాచలం దవాఖానాలో ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. కడుపులో రక్తం కారుతోందన్నారు. తెల్లారేదాకా నేనూ లక్ష్మయ్యా వరండాలో కూర్చున్నాం. మనిషి బతికాడని నర్సమ్మ చెప్పాక లక్ష్మయ్య నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఇక్కడితో అయిపోతే, చెరువు బురదలోంచి లేచిన గాలి వెలిగిందనో, మిణుగురుల గుంపనో సర్దుకునేవాణ్ణి. చదువుకున్నవాళ్ళు చెప్పింది అదే. నేను తల ఊపాను కూడా.

కొన్నాళ్ళకు జోగయ్య కర్ర పట్టుకుని నడుస్తున్నాడంటే చూడ్డానికి పోయాను. లక్ష్మయ్యా ఉన్నాడు. జోగయ్య నా చెయ్యి వదలడు.

"నీ లైట్లే నన్ను బతికిచ్చినయ్ అన్నా. కండ్లు మూతలు పడుతున్నయ్, పాణం పోతున్నట్టే ఉంది. గప్పుడు గద్దె కాడ రెండు తెల్లలైట్లు కనబడ్డయ్. గీడి దాంక చెట్ల సందుల నుంచి వచ్చుడు చూస్తనే ఉన్న. అవి వచ్చేదాంక సావొద్దనుకున్న."

వాళ్ళావిడ అందుకుంది. "నాకూ చూపిచ్చిండు, గదో లైట్లొస్తున్నయ్ అని. నాకేం కనబడలే. చీకటే. సోయి తప్పి మాట్లాడుతుండనుకుని ఏడ్చిన. ఎన్కనే మీ బండి చప్పుడైంది."

నేను లక్ష్మయ్య మొహం చూశాను. అతను నేల చూశాడు. గద్దె దగ్గర ఒక్కసారి వేసి ఆర్పాక, గూడెం దాకా నా లైట్లు ఆరిపోయే ఉన్నాయి. స్విచ్చు మీద నా చెయ్యి పడలేదు.

ఆ మాట జోగయ్యకు ఇప్పటిదాకా చెప్పలేదు. నా జన్మలో నేను పెంచకుండా వదిలేసిన గొప్ప ఇదొక్కటే. బండి అటు పోయినప్పుడల్లా అతను కర్ర గోడకు ఆనించి దండం పెడతాడు. నాకు కాదు, హెడ్‌లైట్లకు. వద్దని ఎలా చెప్పాలో తెలియదు. ఆ దండం ఎవరికి చెందాలో తెలిస్తే, అతన్ని అటువైపు తిప్పి నిలబెట్టేవాణ్ణి.