కృపావతి టీచరుగారి పేర్ల పుస్తకం

శారోన్ వాళ్ళమ్మగారు కృపావతి టీచరు పోయిన తొమ్మిదో రోజున, అల్లవరం దగ్గరి ఓ చిన్న ఆసుపత్రి మందుల గదిలో ముగ్గురు కూర్చుని ఏం పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నారు. శారోన్ ఆ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆదివారం వాళ్ళింట్లో ఆదరణ కూడిక. అయినవాళ్ళంతా చేరి పోయినావిడను తలుచుకుని, ప్రార్థన చేసుకుని, కలిసి భోంచేసే రోజు. ఉత్త చేతులతో ఎలా వెళ్తారు?

"టీచరుగారి ఫొటో వేయించి గోడ గడియారం ఇద్దామండి," అన్నాడు ల్యాబులో పనిచేసే సన్నీ.

"పళ్ళు కూడా పట్టికెళ్దారి. వచ్చినోళ్ళకి పెట్టుకుంటారు," అంది అటెండరు వరహాలమ్మ.

మందులిచ్చే లక్ష్మీతులసి రెండింటికీ సరేనంది గానీ ఆమెకు తృప్తిగా లేదు. శారోన్‌తో పదకొండేళ్ళ స్నేహం. తులసి భర్త దుర్గారావు మస్కట్‌లో కడుతున్న మేడ మీంచి పడి స్పృహ లేకుండా ఉన్న రోజుల్లో, ఆమె డ్యూటీకొచ్చి ఒక మాత్ర బదులు ఇంకోటి అందుకుంటుంటే, పక్కన నిలబడి చీటీలు చదివి పెట్టింది శారోనే. "ఎలా పడ్డాడు, ఏమంటున్నారు" అని ఒక్కనాడూ తవ్వి అడగలేదు. అలాంటి మనిషికి ఏమిస్తే ఊరట?

ఆ సాయంత్రం తులసి ఒక్కతే శారోన్ ఇంటికి వెళ్ళింది. మాటల్లో శారోన్ గుడ్డసంచీలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసింది. కృపావతిగారు ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. ఎవరికి కష్టమొచ్చిందని విన్నా ఆ పేరు నోటుబుక్కులో రాసుకుని, రోజూ వాళ్ళకోసం ప్రార్థించేవారు. నోటుబుక్కులు నిండేకొద్దీ ఒకదానికొకటి సూదితో తనే కుట్టుకున్నారు. మొన్నటి తుపానుకి పెంకులు కారి పుస్తకం తడిసింది. కుట్లు ఊడి, కాగితాలు విడిపోయాయి.

"ముట్టుకుంటే రాలిపోతన్నాయి తులసక్కా. తెరవాలంటే భయమేస్తంది. తెరవకుండా ఉండలేకపోతన్నాను," అంది శారోన్.

తులసికి అప్పుడు తట్టింది. "ఓ మూడు రోజులు నాకిస్తావా? కంటికి రెప్పలా చూసుకుంటాను."

శారోన్ పుస్తకాన్ని మళ్ళీ సంచీలో పెట్టి, కాసేపు దాని మీంచి చెయ్యి తియ్యలేదు. తర్వాత తనే తులసి ఒళ్ళో పెట్టింది.

మర్నాడు తులసి సగం రోజు సెలవు పెట్టి అమలాపురం వెళ్ళింది. మార్కెట్టు వెనక సందులో ఆఫీసు రిజిస్టర్లు బైండు చేసే ముసలయ్య దుకాణం ఉంది. డెబ్బై దాటిన మనిషి. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కుట్టు మళ్ళీ వేసి, అట్ట కట్టి, మూడు పక్కలా మిషన్లో కోసేస్తే కొత్తదానిలా ఉంటదండి."

"కొయ్యొద్దండి. అంచుల దాకా రాసుంది చూడండి."

"కొయ్యకపోతే ఎగుడుదిగుడుగా ఉంటదమ్మా. ఎవరు చేసేరని నన్నంటారు."

"ఎలా ఉన్నా పర్లేదు బాబాయిగారూ. ఒక్క అక్షరం పోకూడదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక కాగితం దగ్గరగా చూశాడు. "ఆయ్. అయితే చేత్తోనే చెయ్యాలి. పేజీలకి అంకెల్లేవు. తారీకులు చూసి మీరే వరసలో పెట్టివ్వండి."

తులసి బల్ల మీద కూర్చుని సర్దడం మొదలుపెట్టింది. చదవకూడదనుకుంది గానీ తారీకు వెతికే కళ్ళకు పేర్లు తగలకుండా ఎలా ఉంటాయి? నూకయ్య కొడుకు, పరీక్ష. ఎదురింటి కోడలు, కాన్పు. వరహాలమ్మ, మోకాళ్ళు. తులసికి నవ్వొచ్చింది. ఇంకో కాగితం తీసింది. పేజీలో చోటు చాలక, అంచు మీద సన్నటి అక్షరాలు:

తులసి భర్త. మస్కట్. కళ్ళు తెరవాలి.

దాని పక్కన పెన్సిలుతో పెట్టిన చుక్కలు. రోజుకొకటి కాబోలు, అంచు వెంటే కిందిదాకా దిగాయి. నలభై మూడు. ఆఖరి చుక్క దగ్గర, "తెరిచాడు. స్తోత్రం."

టీచరుగారు నెలనెలా బీపీ మాత్రలకు తులసి కిటికీ దగ్గరకే వచ్చేవారు. "భోంచేసేవా తల్లీ?" అనేవారు. అంతే. ఈ సంగతి ఏనాడూ పైకి అనలేదు.

"ఏవైందమ్మా?" అన్నాడు ముసలయ్య కంగారుగా.

"ఇందులో మా ఆయనున్నాడండి," అంది తులసి కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన ఆ కాగితం చదివి, జాగ్రత్తగా దాని చోట దాన్ని పెట్టాడు. "రెండు వరసలు కుడతాను. ఇహ ఊడదు," అన్నాడు.

శనివారం తులసి పుస్తకం శారోన్ చేతికిచ్చింది. శారోన్ అట్ట నిమిరి, మధ్యకు తెరిచింది. ఒక్క కాగితమూ కదలలేదు. తులసి ఆ అంచు చూపించింది.

"నీకు తెలుసా?"

"తెలీదక్కా. ఎవరి పేర్లు రాసేదో మాక్కూడా చెప్పేది కాదు. తెలిస్తే వాళ్ళు మొహమాటపడతారు అనేది." ఆఖరి చుక్క దగ్గరి రెండు మాటల మీద వేలుంచి శారోన్ చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "మా అమ్మని మళ్ళీ నా చేతికిచ్చేవక్కా," అంది.

తులసి ఇంటికెళ్ళి దుర్గారావుకి చెప్పింది. ఆదివారం పొద్దున అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని ముందుగా తనే గుమ్మంలో నిలబడ్డాడు. ఆసుపత్రివాళ్ళు గడియారం, పళ్ళు ఇచ్చాక, పాస్టరుగారు ఎవరైనా రెండు మాటలు చెప్తారా అని అడిగారు. దుర్గారావు లేచాడు. నలుగురిలో నోరు విప్పని మనిషి లేచేసరికి తులసి బిత్తరపోయింది.

"నేను మీ సంఘం మనిషిని కానండి. టీచరుగారితో ఎప్పుడూ సరిగా మాట్లాడలేదండి. నేను లేవాలని ఆవిడ నలభై మూడు రోజులు దేవుణ్ణి అడిగేరంట. నిన్ననే తెలిసింది. ఆవిడున్నప్పుడు ఒక్కసారైనా దణ్ణం పెట్టుకోలేకపోయేను. నా కాళ్ళ మీద నేను నడిచి వచ్చేనని చెప్దావనండి," అని, కర్ర చంకలో ఇరికించుకుని ఫొటోకి రెండు చేతులూ జోడించాడు.

భోజనాల దగ్గర దుర్గారావు వద్దన్నా వినకుండా శారోన్ అతని విస్తట్లో మరోసారి కూర వడ్డించింది.

"చిక్కిపోయేరు బావగారూ, తినండి."

"ఆయ్, వెయ్యమ్మా," అన్నాడు దుర్గారావు.