మా మరిది నక్షత్రాన్ని ఆర్పింది నేనే

మా మరిది పోయాడని గత గురువారం ఉదయం ఆరూ నలభై రెండుకు ఆసుపత్రి నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. మధ్యాహ్నానికల్లా గుణదలలో మా వీధి మొదట్లో ఫ్లెక్సీ వెలిసింది: "రాకెట్ల పితామహుడు, కొత్త నక్షత్రాన్ని కనుగొన్న మేధావికి అశ్రునివాళి." అతను జన్మలో రాకెట్‌ను ముట్టుకోలేదు. నక్షత్రం సంగతి మాత్రం కొంత ఉంది. దాన్ని సరిగ్గా చెప్పవలసిన బాధ్యత నాది. ఎందుకంటే ఆ నక్షత్రాన్ని ఆర్పింది నేనే.

అతను కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేసినవాడు. అంతరిక్షంలోంచి మహా వేగంతో వచ్చే కణాలవి. ఒక్కటి వచ్చి పైన గాలిని ఢీకొంటే ముక్కలై, ఆ ముక్కలు మళ్లీ ముక్కలై, నేలకు చేరేసరికి లక్షలై చినుకుల్లా మన మీద పడతాయట. మొదటి కణం ఎక్కడ బయలుదేరిందో ఎవరికీ సరిగా తెలియదు. అది తెలుసుకోవాలనే అతను నలభై ఏళ్లు కొండమీది ప్రయోగశాలలో కూర్చున్నాడు. తెలియలేదు. రిటైరయ్యాక మా డాబా మీదికి వచ్చి కూర్చున్నాడు.

"వదినా, వడియాలు ఎండబెట్టే చోట ఒక మూల నాకివ్వండి."

"ఎంత మూల?"

"సుమారు ఆరడుగులు."

"సుమారు అంటే?"

"ప్లస్ ఆర్ మైనస్ అర."

"అట్లాంటి అడుగులు నా దగ్గర లేవయ్యా. టేపు పట్టుకురా."

కొలిచి సుద్దముక్కతో గీత గీశాను. అతను ఏనాడూ ఆ గీత దాటలేదు. కాఫీలో పంచదార మాత్రం "రెండు చెంచాలు, ప్లస్ ఆర్ మైనస్ అర" అనేవాడు, నన్ను ఉడికించడానికి.

రెండు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండింటికీ కలిపి నల్లగుడ్డ తొడిగాడు. కణం దూరితే లోపల చిన్న మెరుపు వస్తుంది. రెండింట్లోనూ ఒకేసారి వస్తే తెరమీద అంకె ఒకటి పెరుగుతుంది. బయటి వెలుతురు సూదిమొనంత కూడా లోపలికి పోకూడదు. అంకెలన్నీ కంప్యూటర్ రాసుకుంటుందన్నాడు. దాని లెక్క దానిది, నా లెక్క నాదని అరగంటకొకసారి, అంకెలో తేడా కనబడితే అప్పటికప్పుడు, నేనూ నోటుబుక్కులో రాసేదాన్ని.

ఒక వేసవిలో, ఉదయం పదీ పదికి అంకె ఉన్నట్టుండి ఎగిరింది. వారం రోజులు వరసగా అంతే. ఆ వేళకు ఆకాశంలో ఒకే వైపు నుంచి కణాలు ఎక్కువ వస్తున్నాయన్నాడు. పాత సహోద్యోగికి ఫోన్ చేశాడు. పై నెల సదస్సులో ఆ సంగతి చెప్పమని పిలుపూ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి డాబా మెట్లు రెండేసి ఎక్కడం మొదలుపెట్టాడు.

"నక్షత్రమేనంటావా?"

"నక్షత్రమో, దాని తాతో! నలభై ఏళ్లు మొహం చాటేసి, చివరికి మీ వడియాల పక్కన దొరికింది వదినా!"

నక్షత్రాలు రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వస్తాయని నాకు చెప్పింది అతనే. ఆ లెక్కన పదిహేను రోజులకు గంట ముందు రావాలి. సంబరంలో అతను మరిచిపోయాడు, నా నోటుబుక్కు మరిచిపోలేదు. పదిహేనో రోజునా పదీ పదే. అంత టైము పాటించేది మా ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

రోజూ సరిగ్గా పదింటికి వడియాలు పెట్టి, కాకులు బెదరాలని తళతళలాడే స్టీలు పళ్లెం పిట్టగోడకు ఆనించేదాన్ని. దాని మీద పడిన ఎండ కాసేపటికి పెట్టెల అడుగున పడుతోంది. అక్కడ నల్లగుడ్డ కుట్టు విడిపోయి ఉంది. సూర్యుడికి కనబడని సందు నా పళ్లేనికి కనబడింది. మర్నాడు పళ్లెం పెట్టలేదు. నక్షత్రం రాలేదు. మా మరిది అన్నం సరిగా తినలేదు. ఆ మర్నాడు పన్నెండింటికి పళ్లెం పెట్టెలవైపు తిప్పాను. నక్షత్రం పన్నెండింటికే వచ్చింది.

తప్పు లెక్క అని తెలిసి నేను ఎన్నడూ వదిలిపెట్టలేదు. ఆ పూట మాత్రం వదిలేద్దామా అనుకున్నాను. చివరికి పిలిచాను.

"ఏమయ్యా, ఇలా రా. నీ నక్షత్రం నా చేతికి దొరికింది."

పళ్లెం ఇటు తిప్పితే అంకె ఎగిరింది, అటు తిప్పితే ఆగింది. మూడుసార్లు నాచేత తిప్పించాడు. నాలుగోసారి తనే తిప్పాడు. తరవాత నేలమీద చతికిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నీళ్లన్నీ నవ్వువేనా అని నేను అడగలేదు. సదస్సుకు వెళ్లి, పళ్లెం ఫోటోనే చూపించి, తన పొరపాటు ఎట్లా దొరికిందో చెప్పాడట. తిరిగొచ్చి సూదీ నల్లదారం అడిగి, కుట్టు తనే వేసుకుని, సున్నా నుంచి లెక్క మొదలుపెట్టాడు. నక్షత్రం వార్త అప్పటికే వీధంతా పాకింది. పళ్లెం వార్త మాత్రం మా గేటు దాటలేదు.

పోయిన బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రిలో, ఎనిమిదేళ్లుగా అడగనిది అడిగాను.

"ఆ రోజు నేను నోరు మూసుకోవలసిందా?"

"మీరు నోరు మూసుకుంటే ప్రపంచంలో టెలిస్కోపులన్నీ మీ కాకులవైపు తిరిగేవి వదినా."

"వేళాకోళం వద్దు. నిజం చెప్పు."

"ఆ పదిహేను రోజులూ బాగున్నాయి. కానీ తరవాత ఇన్నేళ్లూ ఏ అంకె చూసినా నమ్మగలిగాను."

నర్సు వచ్చి వెళ్లింది. అతనికి నిద్ర పట్టింది. సెలైన్ లేని చెయ్యి దుప్పటి మీద వెల్లకిలా తెరుచుకుని ఉంది, గుమ్మంలో నిలబడి చినుకు పడుతోందేమో చూసేవాడి చెయ్యిలా.