మబ్బు పట్టినా ఆగని బుడగలు

విజయనగరంలోని ఒక కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడిగా నాకదే ఆఖరి వేసవి. మే నెలాఖరుకు పదవీ విరమణ. నా దగ్గర మిగిలిన ఒకే ఒక్క పరిశోధక విద్యార్థిని నూకరత్నం. శ్రీకూర్మం దగ్గరి తీరంలో చేపల వేట మీద బతికే ఇంటి పిల్ల. నా విరమణలోగా ఆమె సిద్ధాంతగ్రంథం సమర్పిస్తే దాని మీద పర్యవేక్షకుడిగా నా పేరుంటుంది. లేదంటే ఆమె మరొకరి కిందికి మారాలి. ఆ పేరు మీద నాకు ఆశ ఉండేది, దాచడం దేనికి?

ఎండతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడం మా పని. గాజు పలక మీద టైటానియం డయాక్సైడ్ పూత వేస్తాం. గోడల రంగుల్లో కలిపే తెల్లపొడే అది. ఎండలో అది వాడుకునేది చాలా కొద్ది భాగం. మిగతా వెలుగూ పనికొచ్చేలా దాని మీద కంటికి ఆననంత చిన్న బంగారు రేణువులు అద్దుతాం. ఆ పలకను ప్లాటినం తీగతో కలిపి, రెండింటినీ నీళ్లలో ముంచి ఎండలో పెడితే కరెంటు పారి, తీగ దగ్గర హైడ్రోజన్ బుడగలు లేవాలి.

లేచాయి. వారం రోజులు ఆ బుడగల వాయువును కొలిచి రాసుకున్నాం. పలకకు ఎండ తగలకుండా కప్పి చూసే చీకటి పరీక్ష ముందే చేయాలి. తర్వాత చూద్దాంలే అన్నది నేనే.

ఒక మధ్యాహ్నం నూకరత్నం తల్లి పోలమ్మ, కూతురి పని చూడాలని వచ్చింది. మేడ మీదికి తీసుకెళ్లాం. "ఏటే, నీల్లలోంచి గేసు వస్తన్నాదా?" అంటూ గాజుపాత్ర ముందు చతికిలబడి మురిసిపోయింది.

అంతలో ఎండకు మబ్బు అడ్డమొచ్చింది. కరెంటు కొలిచే మీటరు ముల్లు దాదాపు సున్నాకు పడిపోయింది. బుడగలు మాత్రం ఆగలేదు. అప్పుడు తట్టింది: రోజూ ఫ్రిజ్‌లోంచి తెచ్చే నీళ్లు మేడ మీద వేడెక్కి, వాటిలో కరిగి ఉన్న గాలి బయటికొస్తోంది. మేం వారంగా కొలిచింది చాలావరకు అదే. ఆ తల్లి వెళ్లాక నూకరత్నంతో చెబుదామనుకుని ఊరుకున్నాను.

నూకరత్నం ఊరుకోలేదు. "అమ్మా, ఇది గేసు కాదు. ఉట్టి గాలి. తప్పు కొలిసేను" అంది, కళ్లనీళ్లతో.

తప్పు నాదని అప్పుడు నోరు విప్పాను. పోలమ్మ కూతురి వీపు నిమిరింది. "వల కాళీగా వచ్చిన రోజు మీ నాన్న కాళీ అనే సెప్తాడు. ఏడవకు, మల్లీ సెయ్యి." నా వైపు తిరిగి, "దానికింకా టయిమున్నాదా బాబూ?" అని అడిగింది.

ఆమెకుంది, నాకే లేదన్నాను.

నీళ్లు మరిగించి గాలి పోగొట్టి, చీకటి పరీక్షతో మళ్లీ మొదలుపెట్టాం. హైడ్రోజన్ వచ్చింది, చాలా కొంచెం, ఎండ ఉన్నప్పుడే. అప్పటికి నేను విరమణ పొందాను. గ్రంథం పర్యవేక్షకుడిగా మరొకరి పేరుతో వెళ్లింది. నూకరత్నం ఒక ప్రతి మా ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫలితాల మొదటి పట్టికలో మొదటి వరుస: "చీకటిలో: సున్నా."

కోరుకున్న ఫలితం కనబడ్డ రోజే చీకటి పరీక్ష చేయాలి. ఆ ఫలితం తప్పని తేలితే, సంతోషిస్తున్న మనిషి ఎదుటే ఉన్నా అప్పుడే చెప్పాలి. మొదటిది ఉద్యోగమంతా నేను పాఠంగా చెప్పాను. రెండోది నాకు నూకరత్నం నేర్పింది.